లెక్కలోకి రాని పిల్లలు: దక్షిణాఫ్రికా బడుల గురించి

(2025 ఫిబ్రవరిలో ఒక గ్రంథాలయంలో టీచర్లు, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు దక్షిణాఫ్రికాలో ఎనిమిదేళ్లు లెక్కల టీచరుగా పనిచేసి వచ్చారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, మొహమాటం వద్దు.

దక్షిణాఫ్రికా చదువుల గురించి మాట్లాడమన్నారు నన్ను. దేశం గురించి తర్వాత చెబుతాను. ముందు ఒక పిల్ల గురించి చెబుతాను. ఎనిమిదో తరగతి. నేను అక్కడికి వెళ్లిన కొత్తలో నా క్లాసులో ఉండేది. పేరు చెప్పను, ఊరూ చెప్పను. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, రెండు చేతులూ జోడించి "థోబెలా" అనేది. సెపెడి భాషలో నమస్కారం అన్నమాట. మన నమస్కారంలాగే ఉంటుంది చూడ్డానికి.

ఒకరోజు బోర్డు మీద ఇంగ్లిష్‌లో లెక్క రాశాను. ఒక రైతు దగ్గర 36 మేకలున్నాయి. మూడో వంతు అమ్మేశాడు. మిగిలినవాటిలో సగం జబ్బుచేసి చచ్చిపోయాయి. ఇంకెన్ని ఉన్నాయి? ఆ పిల్లను లేచి చదవమన్నాను. చదివింది. ఎంత బాగా చదివిందనుకున్నారు! ఒక్క మాట తప్పు పోలేదు. సరే, జవాబు చెప్పమ్మా అన్నాను. నోట్సు చూపించింది. బోర్డు మీద కనిపించిన అంకెలన్నీ తీసుకుని కూడేసింది. 36కి మూడు కలిపింది, సగం అన్నందుకు రెండు కలిపింది. 41 మేకలు. అమ్మినా, చచ్చినా మేకలు పెరిగాయి.

నాకు అప్పటికి సెపెడి నాలుగు ముక్కలే వచ్చు. పక్కన కూర్చున్న పిల్లాణ్ణి, దీన్ని మీ భాషలో చెప్పరా అన్నాను. వాడు చెప్పాడు. "దిపుడి" అంటే మేకలు, అది నాకూ అర్థమైంది. వాడు చెప్పడం పూర్తి కాకముందే ఆ పిల్ల పన్నెండు అనేసింది. వాళ్ల అమ్మమ్మకు మేకలున్నాయి. మేకల లెక్క ఆ పిల్లకు నేను నేర్పాలా?

అప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? ఓహో, ఇది ఇంగ్లిష్ సమస్య అనుకున్నాను. మీరూ అదే అనుకుంటున్నారు కదా? ఆగండి. మర్నాడు ఒక సెపెడి టీచరుగారిని అడిగి, అదే లెక్కను సెపెడిలో కాగితం మీద రాయించి ఆ పిల్లకు ఇచ్చాను. చదివింది. గడగడా చదివింది. జవాబు రాలేదు. సొంత భాషలో, తను అన్నం తినే భాషలో, చదివింది తలకెక్కలేదు. వింటే అర్థమవుతుంది. చదివితే అవ్వదు. ఎనిమిదేళ్లుగా బడికి వస్తోంది. అక్షరాన్ని శబ్దం చెయ్యడం నేర్పారు. ఆ శబ్దం వెనక మాట ఉంటుందని, ఆ మాట వెనక మేక ఉంటుందని ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ టీచర్లు ఎంతమంది? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మీరు ఇలాంటి పిల్లల్ని చూశారో లేదో మీకే తెలుసు, నేను అడగను.

ఇప్పుడు పల్లెలోంచి పట్నానికి వెళ్దాం. అక్కడ బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. 12వ తరగతి పరీక్షను మెట్రిక్ అంటారు. మన తాతల కాలంలో ఇక్కడా ఆ మాట ఉండేది కదా, మెట్రిక్ పాసయ్యాడు అనేవాళ్లు. అక్కడ ఇంకా అదే మాట. ఫలితాలు జనవరిలో వస్తాయి. విద్యామంత్రి టీవీలో దేశమంతటికీ చదువుతారు. తొమ్మిది రాష్ట్రాలు, వాళ్లు ప్రావిన్సులంటారు, ఏది ఫస్టు, ఏది లాస్టు అని వరస చెబుతారు. మంచి మార్కులొచ్చిన పిల్లల్ని పిలిపించి ముందు వరసలో కూర్చోబెడతారు. ఇంట్లో వాళ్లందరూ టీవీ ముందే ఉంటారు. నేనూ ఉండేదాన్ని.

మొన్న జనవరిలో చెప్పిన అంకె 87.3 శాతం. అప్పటిదాకా ఎప్పుడూ రాని అంకె. ఫ్రీ స్టేట్ ప్రావిన్సుకు ఏకంగా 91 శాతం. 1997లో ఇదే అంకె 47.4 శాతం. 2009లో 60.6. అంటే ఎంత ఎదిగిందో చూడండి! చప్పట్లు కొట్టాల్సిందే కదా?

కొట్టే ముందు రెండు ప్రశ్నలు అడుగుదాం. పాసు అంటే ఏమిటి? వందమందిలో 87 మంది అంటే, ఆ వందమంది ఎవరు?

మొదటిది. పాసవ్వాలంటే ఇంటి భాషలో 40 మార్కులు రావాలి. ఇంకో రెండు సబ్జెక్టుల్లో 40, మరో మూడింట్లో 30 వస్తే చాలు. ఏడో సబ్జెక్టు పోయినా పరవాలేదు. డిగ్రీలో చేరడానికి ఇంకా పైస్థాయి పాసు కావాలి, అది వేరే. కానీ టీవీలో చదివే పెద్ద అంకెలో అందరూ ఉంటారు. లెక్కలు కష్టమైన పిల్లల్ని మ్యాథమెటికల్ లిటరసీ అనే తేలిక సబ్జెక్టులోకి మార్చవచ్చు. అది రోజువారీ లెక్కలు, బిల్లులు, కొలతలు. చెడ్డ సబ్జెక్టు అని నేననను. కానీ దాంతో ఇంజనీరు కాలేరు, డాక్టరు కాలేరు, అకౌంటెంటు కాలేరు. 2024లో అసలు లెక్కలు రాసినవాళ్లు ముందు ఏడాదికంటే 12,000 మంది దాకా తగ్గారు. మొత్తం శాతం పెరిగింది, లెక్కలు రాసేవాళ్లు తగ్గారు. రెండూ ఒకే ఏడాది. దేశంలో 400కు పైగా ప్రభుత్వ బడుల్లో పై తరగతులకు లెక్కల సబ్జెక్టే లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రెండోది. ఆ వందమంది ఎవరు? పరీక్ష హాలు దాకా వచ్చినవాళ్లు. ఒకటో తరగతిలో ఏటా పది లక్షలకు పైగా పిల్లలు చేరతారు. 2024లో రెగ్యులర్‌గా మెట్రిక్ రాసినవాళ్లు ఏడు లక్షల పైచిలుకు. బడిలో చేరిన వందమందిలో దాదాపు 40 మంది మెట్రిక్ లేకుండానే పోతారు. ఎక్కువమంది పోయేది 10, 11 తరగతుల్లో. ఎందుకక్కడ? శాతం చెడగొట్టే పిల్లలు 12కి రాకూడదు కాబట్టి. ఇది అన్ని బడుల్లో జరుగుతుందని అనను. హెడ్‌మాస్టరు మీద జిల్లా అధికారి, జిల్లా అధికారి మీద ప్రావిన్సు, ప్రావిన్సు మీద టీవీలో చదివే ఆ వరస. అందరికీ టెన్షనే. ఆ టెన్షన్ అంతా చివరికి ఎవరి మీద దిగుతుంది? పదకొండో తరగతిలో ఆపేసిన పిల్ల మీద.

సరే, ఇది పైన. కింద ఏముంది?

కింద సంగతి చెప్పే కొలత ఒకటుంది. పిర్ల్స్ అంటారు. ఐదేళ్లకోసారి చాలా దేశాల్లో నాలుగో తరగతి పిల్లలకు ఒక కథ, ఒక సమాచార పాఠం ఇచ్చి చదివిస్తారు, ప్రశ్నలడుగుతారు. దక్షిణాఫ్రికాలో ఈ పరీక్షను అక్కడి పదకొండు భాషల్లోనూ పెట్టారు. పిల్లలు అప్పటిదాకా ఏ భాషలో చదువుకున్నారో ఆ భాషలోనే. అందుకని ఇంగ్లిష్ రాక తప్పారు అనడానికి లేదు. 2016లో వందలో 78 మందికి చదివింది అర్థం కాలేదు. 2021లో వందలో 81 మందికి. ఆ ఫలితాలు 2023 మేలో బయటికొచ్చాయి. 2016లో సగటు 320 పాయింట్లు, 2021లో 288. పాల్గొన్న దేశాల్లో అన్నిటికంటే కింద.

81 అంటే ఎంతో చూడండి. ఈ హాల్లో వందమంది ఉన్నారనుకుందాం. ఈ గోడ పక్క రెండు వరసలవాళ్లు తప్ప మిగిలిన అందరూ, చదివారు, అర్థం కాలేదు.

నిజం చెప్పాలంటే అంతకుముందు కొంత మెరుగుపడింది కూడా. తొమ్మిదో తరగతి లెక్కల్లో 2003 నుంచి 2019 దాకా అంతర్జాతీయ పరీక్షల్లో ఆ దేశం మెల్లగా పైకొచ్చింది. చాలా కింద నుంచి వచ్చింది కానీ, వచ్చింది. అక్కడి టీచర్లు పనిచెయ్యలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తర్వాత కోవిడ్‌లో బడులు మూశారు, తెరిచాక కూడా పిల్లల్ని రోజు విడిచి రోజు రమ్మన్నారు. చిన్న తరగతుల చదువు అక్కడ దెబ్బతింది. కానీ కోవిడ్‌కు ముందే 78 ఉంది. దానికి కోవిడ్‌ను అనలేం.

ఇంత డబ్బులేని దేశమా? కాదు. దేశ ఆదాయంలో 6 శాతం దాకా చదువు మీద పెడుతున్నారు. చాలా దేశాలకంటే ఎక్కువ. అయితే ఎందుకిలా? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి.

1953లో బాంటు ఎడ్యుకేషన్ చట్టం వచ్చింది. బాంటు అంటే నల్లవాళ్లను అప్పటి తెల్ల ప్రభుత్వం పిలిచిన పేరు. దాన్ని తెచ్చిన మంత్రి హెండ్రిక్ వెర్వోర్డ్, తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యాడు. ఆయన పార్లమెంటులో అడిగిన ప్రశ్న ఒకటుంది. నల్లపిల్లకు లెక్కలు నేర్పి ఏం లాభం, జీవితంలో వాడుకునే అవకాశమే లేనప్పుడు? అని. లెక్కల టీచరుగా ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. చూడండి, అది కూడా రాజకీయ ప్రసంగమే. దాచకుండా చెప్పిన ప్రసంగం. నీకు చదువు అక్కర్లేదు అని చెప్పాడు, చెప్పినట్టే చేశాడు. 1970ల మధ్యలో తెల్లపిల్ల మీద ఏడాదికి అక్కడి డబ్బులో 644 రాండ్లు ఖర్చుపెట్టి, నల్లపిల్ల మీద 42 రాండ్లు ఖర్చుపెట్టింది ఆ ప్రభుత్వం.

పిల్లలు ఊరుకోలేదు. 1976 జూన్ 16. జొహానెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్లుండే సొవేటోలో బడి పిల్లలు వీధుల్లోకొచ్చారు. సగం పాఠాలు తెల్ల పాలకుల ఆఫ్రికాన్స్ భాషలో చదవాలన్న ఉత్తర్వు మీద. పోలీసులు కాల్చారు. హెక్టర్ పీటర్సన్ అనే 12 ఏళ్ల పిల్లాణ్ణి ఇంకో అబ్బాయి ఎత్తుకుని పరుగెత్తుతున్న ఫొటో మీలో చాలామంది చూసుంటారు. అంటే చదువు కోసం పిల్లలు ప్రాణాలిచ్చిన దేశం అది. అందుకే చదువుల గురించి అక్కడి నాయకుడు ఒక మాట అంటే దానికి బరువు ఎక్కువ. 1955లో క్లిప్‌టౌన్‌లో వేల మంది కూడి రాసుకున్న ఫ్రీడమ్ చార్టర్‌లో ఒక వాక్యం ఉంది: విద్యకూ సంస్కృతికీ తలుపులు తెరుచుకోవాలి. ప్రతి ఎన్నికలో ఆ వాక్యం వినిపిస్తుంది. నేను విన్నాను, ఎన్నిసార్లు విన్నానో!

1994లో తలుపులు తెరుచుకున్నాయి. తెల్లవాళ్ల పాలన పోయి మండేలా వచ్చారు. రంగుకొకటి, జాతికొకటి ఉన్న విద్యాశాఖలన్నీ కలిపి ఒకటి చేశారు. చిన్న పనా అది! ఆ పని చేసినవాళ్లకు దణ్ణం పెట్టాలి. రాజ్యాంగంలో 29వ సెక్షన్‌లో ప్రాథమిక విద్య హక్కు రాశారు. ఇల్లు, వైద్యం లాంటి హక్కుల దగ్గర వీలున్నంత మేరకు, క్రమంగా, అన్న మాటలున్నాయి. చదువు దగ్గర ఆ మాటల్లేవు. వెంటనే ఇవ్వాల్సిన హక్కు ఇది అని 2011లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చిచెప్పింది.

మరి క్లాసులోకి ఏం వచ్చింది? 1997లో కరికులమ్ 2005 అనే పేరుతో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చింది. పాత పాఠాలు బట్టీ చదువులు, జాతివివక్ష చదువులు, అవి పోవాలి అన్నారు. నిజమే. వాటి స్థానంలో ఫలితాల ఆధారిత విద్య అన్నారు. టీచరు ఇకమీదట టీచరు కాదు, ఫెసిలిటేటర్. పాఠ్యపుస్తకం మీద ఆధారపడొద్దు, సామగ్రి మీరే తయారుచేసుకోండి. మంచి లైబ్రరీ, జిరాక్సు మిషను, క్లాసులో పాతికమంది పిల్లలున్న బడిలో అది నడిచింది. అరవై మంది పిల్లలు, ఒక సుద్దముక్క ఉన్న బడిలో ఏం చేస్తారు? బాంటు చదువు చదివి, బాంటు ట్రైనింగే పొందిన టీచరమ్మ చేతిలో పుస్తకం కూడా లాగేస్తే ఆమె ఏం చేస్తుంది? జొనాథన్ జాన్సెన్ అని, అప్పట్లో డర్బన్‌లో ప్రొఫెసరు, ఇది నడవదు అని మొదట్లోనే రాశాడు. ఆయన్ని మార్పుకు అడ్డంపడేవాడు అన్నారు. 2000లో సమీక్ష, 2002లో సవరణ, చివరికి 2010లో మంత్రి ఆంజీ మొట్షెహా దాన్ని పక్కన పెడుతున్నామని ప్రకటించారు. 2012 నుంచి కొత్త కరికులమ్. 1997లో ఒకటో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి ఇరవై దాటింది. ఆ పిల్ల రెండోసారి ఒకటో తరగతి చదవదు కదా.

ఆ పదేళ్లలోనే ఇంకో రెండు జరిగాయి. ప్రసంగాల్లో వీటి మాట పెద్దగా రాలేదు. డబ్బు మిగలాలని అనుభవమున్న టీచర్లను ప్యాకేజీ తీసుకుని వెళ్లిపొమ్మన్నారు, చాలామంది వెళ్లిపోయారు. వందకు పైగా ఉన్న టీచర్ ట్రైనింగ్ కాలేజీలను 2001 నాటికి మూసేశారు, లేదా యూనివర్సిటీల్లో కలిపేశారు. చాలా కాలేజీల్లో నాణ్యత తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పల్లె అమ్మాయి ఊరి దగ్గర చదువుకుని, ఊళ్లో చిన్నపిల్లలకు సొంత భాషలో చదవడం నేర్పే దారి అదే. యూనివర్సిటీలో హైస్కూలు సబ్జెక్టు ఎలా చెప్పాలో నేర్పుతారు. ఆరేళ్ల పిల్లకు సెపెడి గుణింతం ఎలా పట్టుబడాలో ఎవరు నేర్పుతారు?

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి. హెడ్‌మాస్టరు పోస్టులు అమ్ముకుంటున్నారని పత్రికల్లో వస్తే ప్రభుత్వమే కమిటీ వేసింది, జాన్ వోల్మింక్ అధ్యక్షుడు. 2016లో నివేదిక వచ్చింది. తొమ్మిది ప్రావిన్సుల్లో ఆరింట్లో విద్యాశాఖ పగ్గాలు నిజానికి ఒక టీచర్ల యూనియన్ చేతిలో ఉన్నాయని అందులో రాశారు. నేను యూనియన్లకు వ్యతిరేకిని కాను. వెర్వోర్డ్ తెచ్చిన చదువు మీద పోరాడినవాళ్లలో టీచర్ల సంఘాలున్నాయి. కానీ పోస్టు కొనుక్కున్న హెడ్‌మాస్టరు క్లాసులోకొచ్చి, ఈ పిల్ల చదివింది అర్థమైందా అని అడుగుతాడా? ఆ తీరికా ఉండదు, ఆ ధ్యాసా ఉండదు.

మన ఊళ్లో ఒక సామెత ఉంది కదా, మాటలు కోటలు దాటతాయి, కాళ్లు గడప దాటవు అని. అక్కడ దానికి ఉదాహరణ కావాలంటే నేను బడి మరుగుదొడ్ల గురించి చెబుతాను. ఇది చెప్పడం నాకు కష్టం, అయినా చెబుతాను.

పల్లె బడుల్లో గుంత మరుగుదొడ్లు ఉండేవి. లోతైన గొయ్యి, పైన రేకు, చిన్న పిల్లలకు అందని పీట. 2013 నవంబరులో ప్రభుత్వం రూలు పెట్టింది. మూడేళ్లలో, అంటే 2016 నవంబరు 29కల్లా, ఇలాంటి దొడ్లు బడుల్లో ఉండకూడదు. తేదీతో సహా రాశారు. అది ఊరికే ఇచ్చింది కాదు, ఈక్వల్ ఎడ్యుకేషన్ అనే సంఘంలో పిల్లలూ తల్లిదండ్రులూ ఊరేగింపులు చేసి, కోర్టుకెళ్లి తెచ్చుకున్న తేదీ. రూలు వచ్చిన రెండు నెలలకు, 2014 జనవరిలో, లింపోపో ప్రావిన్సులో ఐదేళ్ల పిల్లాడు అలాంటి దొడ్డిలో పడి చనిపోయాడు. బడిలో చేరి నాలుగు రోజులు కాలేదు. 2016 నవంబరు వచ్చింది, పోయింది. 2018 మార్చిలో ఈస్టర్న్ కేప్‌లో ఐదేళ్ల పాప. అలాగే. అదే ఏడాది ఆగస్టులో అధ్యక్షుడు రామఫోసా కొత్త కార్యక్రమం ప్రారంభించారు. పెద్ద సభ, మంచి ప్రసంగం. 2024లో రూల్స్ సవరించారు. సవరించి ఏం చేశారు? తేదీలు తీసేశారు. గడువు దాటాక గడువునే కొట్టేశారు. ఇప్పుడు కొత్త మంత్రి సివివె గ్వారుబె ఈ మార్చి 31కల్లా గుర్తించిన దొడ్లన్నీ పోవాలని గడువు పెట్టుకున్నారు. ఆమె మాట నిలబడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పుస్తకాలదీ అదే కథ. 2012లో లింపోపోలో జనవరిలో రావాల్సిన పాఠ్యపుస్తకాలు మే దాకా రాలేదు. సరిగ్గా కొత్త కరికులమ్ మొదలైన తరగతులకే రాలేదు. సెక్షన్27 అనే సంస్థ కోర్టుకెళితే, పుస్తకం లేకపోతే విద్య హక్కు లేనట్టే అని జడ్జి కొల్లాపెన్ తీర్పిచ్చారు. ఫలానా తేదీకల్లా ఇవ్వండి అన్నారు. ఆ తేదీకీ ఇవ్వలేదు. పుస్తకాల మీద కేసులు 2015 దాకా నడిచాయి. మూడేళ్లు వాదించిన లాయర్లకు ఎంత ఖర్చయిందో నాకు తెలియదు గానీ, పిల్లకు ఒక పుస్తకం అచ్చువేయడానికి ఎంతవుతుందో మీకు తెలుసు.

ఇప్పుడు 2019కి రండి. ఫిబ్రవరిలో రామఫోసా పార్లమెంటులో దేశ పరిస్థితి మీద ప్రసంగించారు. ఆరేళ్లలో దేశంలో ప్రతి బడి పిల్లకూ పాఠ్యపుస్తకాలన్నీ ట్యాబ్లెట్‌లో ఇస్తామన్నారు. ఆరేళ్లు. 2019కి ఆరు కలపండి. ఎంతయింది? ఈ నెలే. ప్రతి పిల్ల చేతికీ ట్యాబ్లెట్ రాలేదు. అదే ఏడాది జూన్‌లో, ఎన్నికల్లో గెలిచాక, ఇంకో మాటన్నారు. వచ్చే పదేళ్లలో మన దేశంలో పదేళ్ల పిల్లలందరూ చదివింది అర్థం చేసుకోగలగాలి. ఆ మాట విన్నప్పుడు నేను ఇక్కడికి తిరిగొచ్చేసి ఏడాది అయింది. ఫోనులో విని, ఏడ్చాను. ఎందుకంటే ఇంతకాలానికి ఒక నాయకుడు సరైన మాట పట్టుకున్నాడు. శాతం కాదు, ట్యాబ్లెట్ కాదు, పదేళ్ల పిల్ల చదివితే అర్థం కావాలి. నా క్లాసులో ఆ పిల్లే కళ్ల ముందుకొచ్చింది.

సరైన మాటే. కానీ దాని వెనక డబ్బేది? ప్రతి ఏడాదీ కొలిచే పరీక్షేది? ఎన్ని వేల మంది టీచర్లకు చదవడం నేర్పే శిక్షణ? 2021లో 78 కాస్తా 81 అయింది. 2024 చివర్లో ఒక్క వెస్టర్న్ కేప్ ప్రావిన్సులోనే డబ్బు చాలక 2,407 టీచర్ పోస్టులు తీసేశారు. క్లాసులో పిల్లలు పెరిగితే, ఒక్కొక్కరి చేత చదివించే టైమెక్కడిది?

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి అన్నా. మనవాళ్లు అక్కడ ఉన్నారు కదా, వాళ్ల బడుల సంగతేమిటి అంటున్నారు. మంచి ప్రశ్న. 1860 నుంచి 1911 మధ్య చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి అక్కడి నాటాల్ ప్రాంతానికి తీసుకెళ్లినవాళ్లు 1,52,184 మంది. ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే, అందులో తెలుగువాళ్లు చాలామంది. విశాఖ, గోదావరి, చిత్తూరు ప్రాంతాలవాళ్లు. వాళ్ల పిల్లలకు బడులు కట్టమంటే అక్కడి ప్రభుత్వం సగం మీరు పెట్టండి, సగం మేం పెడతాం అంది. తోట కూలీలు, కూరగాయలు అమ్మేవాళ్లు, వాళ్లే చందాలేసుకుని ఇటుకలు మోసి కట్టుకున్నారు. డర్బన్‌లో మనవాళ్ల పిల్లల కోసం శాస్త్రి కాలేజీ మొదలైన రోజుల్లో, 1929 నుంచి 32 దాకా, అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటు మన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు పాఠాలు కూడా చెప్పుకున్నారు. గర్వపడాల్సిందే. అయితే అదే కాలంలో నల్లవాళ్ల బడికి ప్రభుత్వం ఇచ్చింది మనవాళ్ల బడికిచ్చిన దానికంటే తక్కువ. వివక్షలో కూడా మెట్లుంటాయి. మనవాళ్లు అట్టడుగు మెట్టు కంటే కాస్త పైన ఉన్నారు. ఇది కూడా చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది.

మరి దారి లేదా అంటారా? ఉంది. ఉందని ఆ ప్రభుత్వానికీ తెలుసు, ఎందుకంటే కనుక్కున్నది వాళ్ల విద్యాశాఖే. 2015లో నార్త్ వెస్ట్ ప్రావిన్సులో 230 బడులు తీసుకున్నారు. పిల్లల భాష సెట్స్వానా. కొన్ని బడుల టీచర్లను హోటల్‌కు పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు. ఇంకొన్ని బడులకు అనుభవమున్న కోచ్‌నే పంపారు. ఆవిడ క్లాసులో వెనక కూర్చుని, చూసి, పాఠమయ్యాక టీచరుతో కూర్చుని మాట్లాడుతుంది. రోజువారీ పాఠం ప్లాను, పిల్లల స్థాయికి తగ్గ చిన్న చిన్న కథల పుస్తకాలు, రెండు రకాల బడులకూ ఇచ్చారు. ఇంకో రకంలో తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడారు. ఏది ఎక్కువ పనిచేసింది? కోచ్. టీచరు పక్కన మనిషి కూర్చున్న చోట పిల్లలు ఎక్కువ చదవగలిగారు. ఇందులో కొత్త టెక్నాలజీ లేదు, టీవీలో చూపించడానికి ఏమీ లేదు. ఒక పెద్దావిడ, ఒక స్టూలు, పాతిక పేజీల కథల పుస్తకాలు. అంతే. కానీ దేశమంతా చెయ్యాలంటే వేల మంది కోచ్‌లు కావాలి, ఏళ్ల తరబడి జీతమివ్వాలి. రిబ్బను కత్తిరించడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఈ ఏడాది ఇంకో మంచి అడుగు పడింది. ఇన్నాళ్లూ మూడో తరగతి దాకా సొంత భాష, నాలుగు నుంచి ఒక్కసారిగా ఇంగ్లిష్. ఇప్పుడు నాలుగో తరగతి నుంచి లెక్కలు, సైన్సు రెండు భాషల్లోనూ చెప్పడం మొదలుపెట్టారు. ఈస్టర్న్ కేప్‌లో ఖోసా భాషలో 2012 నుంచే చేసి చూశారు. దీని మీద చర్చ జరగాల్సింది. కానీ పత్రికలన్నీ బేలా చట్టం మీద గొడవతో నిండిపోయాయి. గత సెప్టెంబరులో అధ్యక్షుడు సంతకం పెట్టిన చట్టం. బడిలో ఏ భాష, ఎవరికి సీటు అన్నది చివరికి బడి కమిటీ తేల్చాలా, ప్రభుత్వం తేల్చాలా అని. అదీ ముఖ్యమే, కాదనను. కానీ ఆ గొడవంతా ఆఫ్రికాన్స్ మాట్లాడే కొన్ని మంచి బడుల గేటు దగ్గర జరుగుతోంది. నా క్లాసులో ఉన్న ఆ పిల్ల బడి గేటు దగ్గర ఎవరూ గొడవ పడరు. దానికి గేటే లేదు.

లెక్కలు లేని బడుల దగ్గరికి మళ్లీ వస్తానన్నాను కదా. ముందు వెర్వోర్డ్ మాట గుర్తుచేసుకోండి. నల్లపిల్లకు లెక్కలెందుకు అని అడిగాడు ఆయన. ఈ రోజు అక్కడ ఏ నాయకుడూ ఆ మాట అనడు, కలలో కూడా అనడు. ప్రతివాళ్లూ లెక్కలు, సైన్సు, రేపటి టెక్నాలజీ అనే మాట్లాడతారు. కానీ 400కు పైగా బడుల్లో పిల్ల లెక్కలు చదువుతానంటే, ఇక్కడ లెక్కలు లేవమ్మా అంటున్నారు. అడిగిన పిల్లకు ఈ రెంటికీ తేడా ఎలా తెలుస్తుంది? మీరు చెప్పండి. నేను నాయకుల మనసులు ఒకటే అనడం లేదు. ఆ మనిషి చెడు కోరాడు, వీళ్లు మంచి కోరుతున్నారు. నేను పిల్ల నిలబడ్డ చోటు నుంచి అడుగుతున్నాను.

టైమైందంటున్నారు. ఒక్క నిమిషం. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తోంది. అడుగమ్మా. ఆ పిల్ల ఏమైందా?

నేను అక్కడున్నప్పుడే తొమ్మిది పాసయింది. సాయంత్రాలు నా దగ్గర కూర్చుని చదివేది. సెపెడిలో చిన్న చిన్న కథలు, నాకు రాని మాటలు తనే చెప్పేది. నవ్వాల్సిన చోట నవ్వడం మొదలుపెట్టింది. అర్థమైతేనే కదా నవ్వుతారు. కానీ ఆలస్యమైపోయింది. పదిలో ఒకసారి ఆపేశారు. పదకొండులో మళ్లీ ఆపేశారు. ఆ ఏడాది సెలవుల తర్వాత రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లాను. అమ్మమ్మ మేకల్ని కట్టేస్తోంది. జొహానెస్‌బర్గ్ వెళ్లిందమ్మా, ఇంటిపని దొరికింది అని చెప్పింది.

మరుసటి జనవరిలో ఫలితాలొచ్చాయి. మా బడి 80 శాతం దాటింది. జిల్లా ఆఫీసు నుంచి అభినందన లెటరొచ్చింది, స్టాఫ్‌రూములో అంటించారు. ఆ పిల్ల పాసైనవాళ్లలో లేదు. ఫెయిలైనవాళ్లలోనూ లేదు.